నలుగురు అయివార్లు ఒకచోట కూర్చుంటే
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని సొసైటీవారు మమ్మల్ని ఆదేశించారు. ఈ వేదిక మీద విద్య గురించి మాట్లాడని వక్త ఇంతవరకు లేరు. పిల్లల్ని చదివించండి, ఆడపిల్లల్ని మధ్యలో మానిపించకండి, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకోండి – ఇవన్నీ మంచి మాటలే, మీరు విన్న మాటలే. కనుక మేము వాటిని మళ్లీ చెప్పబోవడం లేదు. మేము బడిలో పాఠాలు చెప్పుకుని బతికినవాళ్లం. ఆ పనిలో మాకు తెలిసిన ఒక సంగతిని మీ ముందు పెడతాం. అయివార్లు ఒకరి దగ్గర ఒకరు యెట్లా నేర్చుకుంటారు, నేర్చుకోకపోతే నష్టం యెవరికి, అందులో మన సొసైటీ చేయగలిగిన సాయం యేమిటి – ఇంతే మా విషయం.

ముందు మన జిల్లా సేద్యగాళ్లను చూడండి. యేడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మనది. అదైనా పడవలసిన నాటికి పడదు. ఇట్లాంటి నేల మీద శెనక్కాయ వేసే రైతు ఒంటరిగా నిర్ణయం తీసుకోడు. పదును చాలిందా, విత్తనం వేయవచ్చునా, కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిన కె-6 మేలా, కదిరి లేపాక్షి మేలా అని రచ్చకట్ట మీద కూర్చుని పదిమందిని అడుగుతాడు. పక్క చేనికి పోయి ఒక చెట్టు పెరికి కాయలు లెక్కపెడతాడు. నా చేను చూశాడే అని పక్క రైతు నొచ్చుకోడు. మన మెకానిక్ షెడ్లలో చూడండి. ఇంజను విప్పితే నలుగురు తలలు దూర్చి చూస్తారు, తలా ఒక మాట అంటారు. ఉస్తాద్ దగ్గర షాగిర్ద్ నేర్చుకుంటాడు, ఒక్కోసారి ఉస్తాద్ కూడా షాగిర్ద్ కళ్లతో చూసి నేర్చుకుంటాడు.

అయివారి సంగతి అట్లా కాదు. ఆయన గది తలుపు వేసుకుంటే లోపల ఆయన, పిల్లలు, నల్లబల్ల. ముప్ఫై యేళ్ల సర్వీసులో తోటి ఉపాధ్యాయుడు పాఠం చెబుతుంటే మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసినవారు యెంతమంది అని అడిగితే, యే సభలోనూ యెక్కువ చేతులు లేవవు. బయటి నుంచి వచ్చి చూసేది తనిఖీకి వచ్చే అధికారి ఒక్కరే. అప్పుడు నేర్చుకుందామనే ఆలోచన వుండదు, గండం గడిస్తే చాలు అని వుంటుంది. కాబట్టి మంచి అయివారికి తెలిసిన మంచి కిటుకు ఆయనతోపాటే రిటైరవుతుంది. కొత్తగా వచ్చిన అమ్మాయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

మన ఉర్దూ మీడియం బడుల్లో ఈ ఒంటరితనం ఇంకా యెక్కువ. చాలా చోట్ల ఒకరో ఇద్దరో అయివార్లు, వాళ్ల చేతికింద ఐదు తరగతులు. మండల సమావేశానికి పోతే మాటంతా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ జరుగుతుంది. తమ పుస్తకం గురించి, తమ పిల్లల గురించి మాట్లాడుకోవడానికి పక్కన మరో ఉర్దూ టీచరు వుండరు. సంతకం పెట్టి, టీ తాగి తిరిగి వస్తారు.

వాళ్ల ముందున్న పని చిన్నది కాదు. పిల్ల ఇంట్లో మాట్లాడేది దక్కనీ. "హౌ", "నక్కో", "కైకు" అంటుంది. పుస్తకంలో వున్నది గ్రాంథికమైన ఉర్దూ, అది మన పిల్లలకు సగం పరాయి భాషే. బజారులో, బస్సులో, ఆఫీసులో వినబడేది తెలుగు. లెక్కల్లో జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ అని నేర్చుకున్న పిల్ల పై బడికి పోతే అక్కడ కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అంటారు, ఇప్పుడు ఇంగ్లీషు మాటలు కూడా చేరాయి. ఆ పిల్లకు లెక్క వచ్చు, మాట రాదు. మాట రాకపోవడం చూసి కొత్త అయివారు లెక్కే రాదనుకుంటారు. నెల తిరిగేసరికి పిల్ల కూడా అట్లానే అనుకుంటుంది. మన దూదేకుల సోదరుల పిల్లల ఇబ్బంది ఇంకో రకం. వాళ్ల ఇంటి మాట తెలుగు, వాళ్లను ఉర్దూ బడిలో వేస్తే మొదటి రోజు నుంచే మాట కొత్త.

ఉర్దూను 2022లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. సంతోషమే. కాని చట్టం తనంతట తాను తరగతి గదిలోకి నడిచి రాదు. దాన్ని లోపలికి తీసుకువచ్చేది అయివారు. ఆ అయివారికి తోడు యెవరు అన్నదే మా ప్రశ్న.

తోడు వుంటే యేమవుతుందో ఒక్క లెక్కతో చెబుతాం. పెద్దలు విసుక్కోకుండా వినాలి, పిల్లలు మనసులో చేసి చూడాలి. 305 లోంచి 128 తీసేస్తే 177. మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో వచ్చే లెక్క. ఒక పిల్లవాడు 223 అని వేస్తాడు. ఇంకొక పిల్ల 187 అని వేస్తుంది. రెండూ తప్పే. అయివారు యెర్ర సిరాతో రెండింటికీ ఇంటు మార్కు పెడతారు. కాని ఈ రెండు తప్పులూ ఒకటి కావు. మొదటివాడు ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. 5లోంచి 8 పోదు గనక 8లోంచి 5 తీసి 3 వేశాడు. వాడికి అప్పు తెచ్చుకోవడం అనే సంగతే అందలేదు. రెండో పిల్లకు అప్పు తెచ్చుకోవడం వచ్చు. వందల దగ్గర తెచ్చింది, పదుల దగ్గరికి చేర్చింది, ఒకట్లకు ఇచ్చింది. ఇచ్చిన తర్వాత పదుల దగ్గర 10 పోయి 9 మిగిలిందన్నది ఒక్కటే మరిచింది. మొదటివాడికి పుల్లలు కట్టలు కట్టి, కట్ట విప్పి చూపాలి. రెండో పిల్లకు రెండు నిమిషాల మాట చాలు. జ్వరానికీ కాలు బెణికినదానికీ ఒకే మాత్ర ఇచ్చే డాక్టరు దగ్గరికి మనం పోతామా? ఇంటు మార్కు అట్లాంటి మాత్రే.

ఇది కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. తీరిక కావాలి, పక్కన ఇంకొక జత కళ్లు కావాలి. ఐదు తరగతులను ఒక్కడే మోసే అయివారికి రెండూ వుండవు. అదే నాలుగు బడుల అయివార్లు తలా మూడు నోటు పుస్తకాలు సంచిలో వేసుకుని వచ్చి, ఒక చాప మీద పరిచి, ఈ పిల్ల ఇట్లా యెందుకు వేసింది అని ఒకరినొకరు అడిగితే గంటలో తేలిపోతుంది. మీ బడిలో ఈ తప్పు వుందా, మా బడిలో వుంది, మీరేం చేశారు, చింతగింజలతో చేయించాను, అయితే నేనూ చేస్తాను, వచ్చే నెల చెబుతాను – ఈ సంభాషణ జరగడమే మేము కోరేది. మూడు భాషల లెక్కల మాటలు పక్కపక్కన రాసిన ఒక అట్ట కూడా అట్లా కూర్చుంటేనే తయారవుతుంది. ఆ అట్ట గోడకు వేలాడుతుంటే పై బడికి పోయిన పిల్లకు యెంత ధైర్యం!

ఈ పద్ధతికి బయటి దేశాల్లో పెద్ద పేరు పెట్టి పుస్తకాలు రాశారు. అమెరికాలో రిచర్డ్ డుఫోర్, రాబర్ట్ ఈకర్ అనే ఇద్దరు విద్యావేత్తలు 1998లో దీని మీద ఒక పుస్తకం వేశారు. అయివార్లంతా కలిసి నేర్చుకునే సమాజంగా బడి మారాలన్నది అందులోని సారాంశం. డుఫోర్ ఒక హైస్కూలు నడిపిన అనుభవంతో చెప్పినవాడు. వాళ్లు కూటమిని నడిపించడానికి ప్రశ్నలు పెట్టుకున్నారు. మన మాటల్లో చెబితే అవి నాలుగు. పిల్లలకు యేది కచ్చితంగా రావాలి? వచ్చిందని మనకు యెట్లా తెలుస్తుంది? రానివాళ్లకు యేం చేద్దాం? ముందే వచ్చినవాళ్లను ఖాళీగా కూర్చోబెట్టకుండా యేం చేద్దాం? ఇంత సులువైన ప్రశ్నలకు అమెరికా దాకా పోవాలా అంటారేమో. ప్రశ్నలు సులువే, నలుగురూ కలిసి ఒకే ప్రశ్నకు జవాబు వెదకడం కష్టం.

జపానులో ఇది ఇంకా పాత అలవాటు. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక పాఠాన్ని వారాల తరబడి తయారు చేస్తారు. వారిలో ఒకరు తరగతిలో చెబుతారు. మిగతావారు గోడ పక్కన నిలబడి చూస్తారు. వాళ్లు చూసేది అయివారిని కాదు, పిల్లల్ని. యే పిల్ల యెక్కడ ఆగింది, యెవరి ముఖం వెలిగింది అని రాసుకుంటారు. తర్వాత కూర్చుని ఆ పాఠాన్ని సరిచేసి, ఇంకొకరు ఇంకొక తరగతిలో చెబుతారు. పాఠం అందరిదీ గనుక తప్పు దొరికితే యెవరికీ తలవంపు లేదు. ఈ ఒక్క ఆలోచన మనం తెచ్చుకున్నా చాలు.

మన దేశంలోనూ ఇది జరిగింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లెటూరి బడులలో ప్రయోగాలతో సైన్సు నేర్పే కార్యక్రమం మొదలైంది. కిషోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు దాన్ని నడిపాయి. 1982లో యేకలవ్య అనే సంస్థ పుట్టి ఆ బాధ్యత తీసుకుంది. అందులో ప్రాణం లాంటిది మాసిక గోష్ఠి, అంటే అయివార్ల నెలవారీ కూడిక. చుట్టుపక్కల బడుల అయివార్లు ఒకచోట చేరి, ఈ నెల యే ప్రయోగం కుదిరింది, యేది కుదరలేదు, పిల్లలు యే ప్రశ్న అడిగితే మనకు జవాబు తెలియలేదు అని మాట్లాడుకునేవారు. విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు వచ్చి వాళ్ల పక్కనే కూర్చునేవారు. ముప్ఫై యేళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపివేసింది.

మన రాష్ట్రంలో 1984లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించింది. ఈ సభలోని రిటైర్డు ఉపాధ్యాయులకు ఆ పేరు వింటే రంగు కాగితాలు, గోడకు కట్టిన దారాలు, వాటికి వేలాడిన పిల్లల బొమ్మలు గుర్తుకు రావాలి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా పని చేయాలి, చుట్టూ వున్న వస్తువులతోనే పాఠం చెప్పాలి, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించాలి – ఇవి ఆ పథకం సూత్రాలు. దానితోపాటు ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. చుట్టూ వున్న బడుల అయివార్లు అక్కడ కలుసుకుని, తాము చేసినవి చూపించుకోవాలన్నది ఉద్దేశం. 1996లో పథకం ముగిసింది. బొమ్మలు చినిగిపోయాయి, దారాలు తెగిపోయాయి. కొన్ని చోట్ల అలవాటు మిగిలింది, చాలా చోట్ల రిజిస్టరు మిగిలింది.

కదిరి దాటి మదనపల్లె వైపు పోతే రిషి వ్యాలీ వుంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ విద్యాలయానికి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు వున్నాయి. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు, పల్లె అయివార్లతో కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలు వుంటారు గదా, పాఠాన్ని చిన్న చిన్న అట్టలుగా విడగొట్టి, నిచ్చెన మెట్ల మాదిరి వరుస పెట్టారు. యే పిల్ల యే మెట్టు మీద వుందో ఆ పిల్లకే తెలుస్తుంది. అట్టల మీది కథలు, పొడుపు కథలు ఆ పల్లెల నుంచే వచ్చాయి. 2003లో చెన్నై నగరపాలక సంస్థ 13 బడులలో ఇదే దారిలో కార్యక్రమం మొదలుపెట్టింది. తర్వాత అది తమిళనాడంతటా పోయింది. ఒకటే అయివారు, అన్ని తరగతులు అనే మన కష్టానికి మన పక్కనే, మనలాంటి కరువు సీమలోనే మందు తయారైందన్న మాట. ఆ మందు పుట్టింది పల్లె అయివార్లు కలిసి కూర్చున్నచోట.

ఇన్ని మంచి పనులు జరిగినా యెందుకు నిలబడలేదు? దీని మీద మా అభిప్రాయం చెబుతాం. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఒక హైస్కూలు చుట్టూ వున్న ప్రాథమిక పాఠశాలలను కలిపి స్కూల్ కాంప్లెక్స్ అనాలని చెప్పింది. మన రాష్ట్రంలో కాంప్లెక్స్ సమావేశాలు యేళ్ల తరబడి జరుగుతూనే వున్నాయి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడూ యేడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో గడపాలన్నది. కాగితం మీద యే లోటూ లేదు. కాని కాంప్లెక్స్ మీటింగు అంటే చాలా మందికి గుర్తుకు వచ్చేది సర్క్యులర్లు చదవడం, లెక్కలు అప్పజెప్పడం, ఫోటో దిగడం. పై నుంచి వచ్చిన మాట కిందికి దిగుతుంది గాని, కింద నుంచి ఒక ప్రశ్న పైకి లేవదు. అయివారు తన కష్టాన్ని చెప్పుకుంటే అది తన మీద రిమార్కు అవుతుందేమోనని భయపడతాడు. భయమున్న చోట యెవరూ తన నోటు పుస్తకాలు తెచ్చి చాప మీద పరచరు.

డబ్బుతో వచ్చింది డబ్బుతో పోతుంది, ఆర్డరుతో వచ్చింది ఆర్డరుతో పోతుంది. ఇష్టంతో వచ్చింది, ఊరివాళ్లు కాపాడుకున్నది మిగులుతుంది. సొసైటీ ముందుకు మేము ఈ విషయాన్ని తేవడానికి కారణం ఇదే.

ఇది మనకు కొత్త కూడా కాదు. మదీనా మస్జిదులో సుఫ్ఫా అనే అరుగు మీద నేర్చుకునేవారు కూడేవారని మనకు తెలుసు. తర్వాతి కాలంలో మస్జిదు స్తంభాల దగ్గర హల్ఖాలు, అంటే గుండ్రంగా కూర్చుని చదివే కూటములు, యెన్ని వందల యేళ్లు నడిచాయో! ఖురాన్ షరీఫ్‌లో 42వ సూరా పేరే షూరా, సంప్రదింపు అని అర్థం. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కాలేజీ పెట్టి వూరుకోలేదు. 1886లో అలీగఢ్‌లో విద్యా మహాసభ మొదలుపెట్టారు. అది యేటేటా ఒక్కో ఊళ్లో కూడేది. మన జిల్లా మద్రాసు రాజధానిలో వున్న రోజుల్లో, 1901లో, మద్రాసులో కూడా కూడింది. చదువు గురించి చదువు చెప్పేవాళ్లూ చెప్పించేవాళ్లూ ఒకచోట కూర్చోవాలన్న ఆలోచన ఆ పెద్దలది. వాళ్లు రైళ్లెక్కి వందల మైళ్లు పోయారు. మన అయివార్లు నాలుగు వీధులు దాటితే చాలు.

ఇక సొసైటీని మేము కోరేది యేమిటో చెబుతాం. మన సొసైటీ పదో తరగతి, ఇంటర్ పాసైన పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది. పేద పిల్లలకు పుస్తకాలు పంచుతున్నది. అల్లా ఆ పుణ్యం స్వీకరించుగాక. కాని పదో తరగతి దాకా వచ్చిన పిల్ల సగం గెలిచిన పిల్ల. బడి మానేసే పిల్ల మూడో తరగతిలోనే, ఆ 223 దగ్గరే, జారడం మొదలుపెడుతుంది. అప్పుడు యెవరికీ కనబడదు. యేడో తరగతిలో మానేసినప్పుడు కనబడుతుంది. తండ్రి బెంగళూరికి పనికి పోతూ కొడుకును వెంట తీసుకుపోయాడని, కూతురికి సంబంధం చూస్తున్నారని అప్పుడు మనం బాధపడతాం. కుండ అడుగున చిల్లి వుండగా పై నుంచి యెన్ని నీళ్లు పోస్తే యేం లాభం?

మేము కోరేవి పెద్ద ఖర్చువి కావు. ఒకటి, నెలకు ఒక పూట సొసైటీ హాలు. చాప, నల్లబల్ల, ఫ్యాను, తాగే నీళ్లు, టీ. రెండు, తప్పిపోని ఒక రోజు. యే నెలా మారని రోజు. పెళ్లి వచ్చిందని, లీడరు వచ్చాడని హాలు వేరేవారికి ఇవ్వకూడదు. మూడు, ఆడ టీచర్ల సౌకర్యం. మన ఉర్దూ బడుల్లో వాళ్లూ చాలా మంది వున్నారు. వేళ వాళ్లనే అడిగి పెట్టాలి. ఆఖరి బస్సు పోకముందే ముగియాలి. చంటి పిల్లలున్న తల్లుల కోసం పక్క గదిలో ఒక పెద్దామెను కూర్చోబెట్టాలి. నాలుగు, అట్టలు, స్కెచ్ పెన్నులు, జిరాక్సు ఖర్చులకు కొంత సొమ్ము. ఐదు, అన్నిటికంటే ముఖ్యమైనది – ఆ గదిలోకి సొసైటీ పెద్దలు తనిఖీకి రాకూడదు. వస్తే టీ ఇచ్చి పోవాలి.

పిలవవలసింది ఉర్దూ టీచర్లను మాత్రమే కాదు. మన పిల్లలు చదివే తెలుగు మీడియం బడి మేడం రావాలి, ప్రైవేటు ఇంగ్లీషు మీడియం టీచరు రావాలి, మదరసాలో చెప్పే మౌలానా గారూ రావాలి. పిల్ల ఒకటే, పొద్దున ఒక చోట, సాయంత్రం ఒక చోట చదువుతుంది. ఆ పిల్లకు చదువు చెప్పే ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోవడం యేమి న్యాయం? హిందూ టీచరమ్మ మన హాలుకు వచ్చి మన పిల్లల గురించి మాట్లాడితే అంతకంటే గౌరవం మనకు యేముంది? బుక్కపట్నంలో జిల్లా విద్యా శిక్షణ సంస్థ వుంది. జిల్లా 2022లో రెండుగా విడిపోయి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా మనకు దూరమేమీ కాదు. అక్కడి అధ్యాపకులను అప్పుడప్పుడూ పిలవవచ్చు. పెత్తనానికి కాదు, మనతోపాటు చాప మీద కూర్చోవడానికి.

అయివార్లు పాటించవలసిన కట్టుబాట్లు కూడా వున్నాయి. చేతులూపుకుంటూ రాకూడదు, మూడు నోటు పుస్తకాలో, ఒక పాఠమో తేవాలి. పిల్లల పేర్లు కనబడకుండా అట్ట మూసి తేవాలి. పీఆర్సీ, బదిలీలు, డీఏ బాకీలు ముఖ్యమైనవే గాని వాటికి యూనియన్లు వున్నాయి, ఈ గంటన్నరలో వాటి మాట రాకూడదు. పిల్ల తల్లిదండ్రుల మీద నెపం వేసి ముగించకూడదు. తండ్రి తాగుతాడు, తల్లికి చదువు రాదు అన్నది నిజమే కావచ్చు, అది చెప్పాక మనం యేం చేద్దాం అన్నది మిగిలే వుంటుంది. ఒక నెలకు ఒకే విషయం పట్టుకోవాలి. చివర్లో ప్రతి ఒక్కరూ "ఈ నెల నా తరగతిలో ఇది చేసి చూస్తాను" అని ఒక్క ముక్క చెప్పాలి. వచ్చే నెల మొదటి పని ఆ ముక్క యేమైందని అడగడం. ఫలించలేదంటే తిట్టేవారు వుండరు. యెందుకు ఫలించలేదో తెలిస్తే అదే ఆ నెల సంపాదన.

కొందరు సభ్యులు ఇప్పటికే మమ్మల్ని అడిగారు. ప్రభుత్వం జీతం ఇస్తున్నది, నేర్పే బాధ్యత ప్రభుత్వానిది, మనకెందుకు అని. బాధ్యత ప్రభుత్వానిదే. కాని పిల్ల మనది. చెరువు ప్రభుత్వానిదైనా కాలువకు గండి పడితే మట్టి తట్ట పట్టుకుని పరుగెత్తేది ఆ కాలువ కింది రైతు. ఇంకొందరు, ఫోన్లలో అన్ని పాఠాలూ వున్నాయి, శిక్షణ కూడా వీడియోల్లో వస్తున్నది, కూర్చోవడం దేనికి అన్నారు. వీడియో చెబుతుంది, వినదు. మా బడిలో ఫలానా పిల్ల 187 వేసింది అని దానికి చెప్పుకోలేం. ఇంకొక మాట – అయివార్లకే తీరిక లేదు, వస్తారా అని. మొదటి నెల ఐదుగురు వస్తే చాలు. ఆ ఐదుగురికీ తమ తరగతిలో పనికివచ్చే వస్తువు ఒకటి చేతికి దొరికితే వాళ్లే రెండో నెల ఇంకొకరిని తెస్తారు. దొరకకపోతే యాభైమంది వచ్చినా మూడో నెలకు యెవరూ వుండరు.

యెంత లాభం వస్తుంది, యెప్పుడు వస్తుంది అని లెక్క చెప్పమంటే మేము చెప్పం. ఇది బోరు వేసినట్టు కాదు, సాయంత్రానికి నీళ్లు పడ్డాయా లేదా అని చూడటానికి. చెట్టు నాటినట్టు. కాని చూడవలసిన గుర్తులు చెబుతాం. యేడాది తర్వాత ఆ హాలు గోడ మీద మూడు భాషల లెక్కల అట్ట వున్నదా? ఒక బడి అయివారు సెలవు పెట్టినప్పుడు ఇంకొక బడి అయివారికి ఆ బడి పిల్లల పరిస్థితి తెలుసా? ఐదో తరగతి పాసైన పిల్ల పై బడిలో చేరేనాడు పాత టీచరు కొత్త టీచరుతో ఆ పిల్ల గురించి రెండు నిమిషాలు మాట్లాడారా? ఈ మూడింటికీ అవును అని జవాబు వస్తే సొసైటీ ఖర్చు చేసిన టీ డబ్బులు వృథా పోనట్టే.

అధ్యక్షులవారికి మా విన్నపం ఒక్కటే. వచ్చే సంవత్సరపు కార్యక్రమాల పట్టికలో, స్కాలర్‌షిప్పుల పద్దు కింద, "అయివార్ల నెలవారీ కూడిక" అని ఒక వరుస చేర్చండి. దాని యెదురుగా రోజు, వేళ రాయండి. రాసిన తర్వాత కొట్టివేయకండి. ఈ సభలో వున్న తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్ల టీచరు ఆ పూట కూడికకు పోయిందని తెలిస్తే, పాఠం పోయిందని గొణుక్కోకండి, ఆమె మీ పిల్ల కోసమే పోయింది. ఇంటికి వచ్చాక పిల్లను అడగండి, "మీ టీచరు ఈ వారం కొత్తగా యేం చేయించింది?" అని. ఆ ప్రశ్న టీచరు చెవిన పడితే చాలు, మా ప్రసంగం కంటే యెక్కువ పని చేస్తుంది.

 అల్లా మన పిల్లలకు లాభమిచ్చే చదువును, మన అయివార్లకు ఒకరికొకరి తోడును ప్రసాదించుగాక. ఆమీన్.